బిడ్డ జబ్బును పలికే తెలుగు: వైద్య సహాయ నిర్ణయభాషపై సైబరాబాద్ నేపథ్యంలో ఒక చారిత్రక పరిశీలన

మాటలు రాని బిడ్డ జబ్బు పడినప్పుడు ఆ జబ్బుకు మొదటి భాష్యం చెప్పేది తల్లి. వైద్యుని దగ్గరికి వెళ్ళాలా, తెల్లవారేదాకా ఆగవచ్చా అన్న నిర్ణయం మందుకన్నా ముందు ఒక వాక్యంగా పుడుతుంది. “రొమ్ము పట్టడం లేదు”, “పిలిస్తే పలకడం లేదు”, “పక్కలెగరేస్తున్నాడు” వంటి వాక్యాలు ఇంట్లో ఎవరో ఒకరు అంటారు, మరొకరు వింటారు. విన్నవారికి ఆ మాట ఎంత బరువుగా తోచిందన్నదాని మీద ప్రయాణం ఆధారపడి ఉంటుంది. ప్రసూతి మరణాలను వివరిస్తూ 1994లో థాడియస్, మెయిన్ అనే పరిశోధకులు ‘మూడు ఆలస్యాల’ నమూనాను ప్రతిపాదించారు. నిర్ణయానికి రావడంలో, ఆసుపత్రికి చేరడంలో, చేరాక చికిత్స అందడంలో జరిగే ఆలస్యాలు అవి. తరువాతి కాలంలో శిశుమరణాల అధ్యయనాలకూ ఈ నమూనాను అన్వయించారు. రెండవ, మూడవ ఆలస్యాలను రోడ్లు, వాహనాలు, పడకల లెక్కలతో కొలవవచ్చు. మొదటి ఆలస్యం చాలావరకు భాషలో జరుగుతుంది. ఆ భాష తెలుగులో ఎలా ఏర్పడింది, హైటెక్ సిటీ చుట్టూ గత పాతికేళ్ళలో ఏమైంది అన్నవి ఈ వ్యాసంలో పరిశీలించిన ప్రశ్నలు. వైద్యసలహా ఇవ్వడం ఈ వ్యాస పరిధిలోనిది కాదు. అయితే వైద్యశాస్త్రం ఏ లక్షణాలను ప్రమాదకరమని గుర్తించిందో తెలియకుండా ఏ మాట విలువైనదో, ఏ మాట తప్పుదారి పట్టిస్తుందో చెప్పలేం కనుక ఆ సమాచారాన్ని అవసరమైన మేరకు తీసుకున్నాను.

పూర్వ సంప్రదాయంలో బిడ్డ వేదన

శిశువు చెప్పుకోలేని బాధను చూసి తెలుసుకోవడం ఎలా అన్న ప్రశ్నను కాశ్యపసంహిత సూటిగా ఎదుర్కొంది. నేపాల్‌లో లభించిన తాళపత్ర ప్రతి ఆధారంగా హేమరాజశర్మ 1938లో ప్రకటించిన ఈ గ్రంథం సూత్రస్థానంలో ‘వేదనాధ్యాయం’ అనే అధ్యాయముంది. తలనొప్పి ఉన్న బిడ్డ తల అటూఇటూ ఆడిస్తుందని, కళ్ళు మూసుకుంటుందని, చెవిపోటు ఉన్న బిడ్డ చేతులతో చెవులు తడుముకుంటుందని అందులో చెప్పారు. జ్వరం రాబోయే ముందు బిడ్డ దాదిని ఉన్నట్టుండి అతుక్కుపోతుంది, పాలమీద ఇష్టం చూపదు, నుదురు కాలుతూ పాదాలు చల్లగా ఉంటాయి. ఇక్కడ గమనించవలసింది పద్ధతి. బిడ్డ చేష్టయే వాక్యం. ఆ వాక్యాన్ని చదివే అర్హత, బిడ్డను రోజంతా ఒడిలో పెట్టుకొనే మనిషికి ఉంది.

దీనికి సమాంతరంగా సుశ్రుతసంహిత ఉత్తరతంత్రంలో స్కందుడు, శకుని, రేవతి, పూతన మొదలైన తొమ్మిది బాలగ్రహాల వర్ణన ఉంది. పోతన భాగవతం దశమస్కంధంలో పాలిచ్చి చంపబోయే రాక్షసిగా మనకు పరిచయమైన పూతన, వైద్యగ్రంథాల్లో శిశురోగానికి పేరు. పురాణం, వైద్యం ఒకే పేరును పంచుకున్న ఈ చోటనే ‘గాలి సోకింది’, ‘దిష్టి తగిలింది’ వంటి జనవ్యవహారపు వివరణలకూ చోటు దొరికింది. వీటిని మూఢనమ్మకాలని కొట్టివేయడం సులభం. దిష్టి అన్న మాట బిడ్డలో ఏదో మార్పు వచ్చిందని గుర్తించిన మాట కూడా. చిక్కల్లా ఆ గుర్తింపు తరువాత ఎటు నడిపించిందన్నదే. ఉప్పు, మిరపకాయలు తిప్పి పడేశాక బిడ్డ మళ్ళీ ఆడుకుంటే ఆ కథ ముగుస్తుంది. ఆడుకోకపోతే రెండవ వాక్యం కావాలి.

‘అమ్మవారు పోసింది’ అన్న వ్యవహారం దీనికన్నా గట్టిది. మశూచి, తట్టు, ఆటలమ్మ ఈ మాట నీడలో ఒకటైపోయాయి. మందు వాడరాదు, వేపమండలు కట్టాలి, చలువచేసేవి పెట్టాలి అన్న నియమావళి ఆ పేరులోనే ఇమిడి ఉంది. భారతదేశంలో మశూచి కేసులు 1975తో ఆగిపోయాయి, 1977లో దేశాన్ని మశూచి రహితంగా ధ్రువీకరించారు. రోగం పోయినా పేరు మిగిలింది. ఆ పేరుతోపాటు ‘ఆగుదాం’ అన్న ఆదేశమూ మిగిలింది. తట్టు తరువాత న్యుమోనియా రావచ్చు, కళ్ళు దెబ్బతినవచ్చు. కాబట్టి ఈ ఒక్క మాట విషయంలో సంప్రదాయం బిడ్డకు చేసిన నష్టాన్ని తక్కువ చేసి చెప్పనక్కరలేదు. ‘పళ్ళొచ్చే విరేచనాలు’ అన్న సమాసమూ ఇలాంటిదే. కారణం ముందే తెలిసిపోయినట్టు చెప్పే పేరు పరిశీలనను ఆపేస్తుంది.

అచ్చులోకి వచ్చిన సలహా

పందొమ్మిదవ శతాబ్ది చివర ఈ జ్ఞానం నోటినుంచి అచ్చుకు రావడం మొదలైంది. వీరేశలింగం 1883లో ప్రారంభించిన సతీహితబోధిని, 1902 నాటి హిందూసుందరి, మద్రాసులో ఆయుర్వేద వైద్యుడు కె.ఎన్. కేసరి 1928లో స్థాపించిన గృహలక్ష్మి ఈ దారిలో ముఖ్యమైన పత్రికలు. వీటిలో సలహా చెప్పే గొంతు మారింది. అవ్వ స్థానంలో ‘చదువరి సోదరీమణులను’ సంబోధించే రచయిత వచ్చారు. గృహలక్ష్మి విషయంలో పత్రికాధిపతి, ఔషధవ్యాపారి ఒకరే కావడాన్నీ గుర్తుంచుకోవాలి. సలహాకూ ప్రకటనకూ నడుమ గోడ పలచన. ఇది ఇప్పటికీ పాతబడని సంగతి.

విజయవాడలో వైద్యురాలిగా పనిచేసి, 1957లో లోక్‌సభకు ఎన్నికైన డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ రాసిన ‘ప్రసూతి-శిశుపోషణ’తో వైద్యురాలే తెలుగులో తల్లికి చెప్పడం స్థిరపడింది. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వెలువరించిన డేవిడ్ వెర్నర్ గ్రంథానువాదం ఈ వరుసలో మరో మలుపు. వైద్యుడు అందుబాటులో లేని ఊరిలో ఏం చేయాలి, ఏ దశలో ఎంత దూరమైనా వైద్యుణ్ణి వెతుక్కోవాలి అన్న విభజనరేఖను సామాన్యుడి భాషలో గీయడం దాని ప్రయోజనం. తెలుగు వచనచరిత్రలో ఇటువంటి పుస్తకాలకు మనం ఇవ్వవలసిన చోటు ఇవ్వలేదు. కథ, నవల, వ్యాసం దాటి వచనాన్ని చూడని మన అలవాటు దీనికి కారణం కావచ్చు.

దవాఖాన, నీలోఫర్

హైదరాబాద్ రాజ్యంలో పరిస్థితి వేరు. 1846లో మొదలైన వైద్యపాఠశాలలో బోధన ఉర్దూలో సాగింది. అందువల్ల తెలంగాణ తెలుగులోకి దవాఖాన, సుస్తి, దమ్ము, సర్ది వంటి మాటలు సహజంగా వచ్చి కలిశాయి. కోస్తా జిల్లాల ‘ఆసుపత్రి’ ఐరోపా పదానికి తెలుగు రూపం, తెలంగాణ ‘దవాఖాన’ పర్షియన్ సమాసం. రెండూ ఎరువు మాటలే. 2018లో నగరంలో ప్రారంభమైన చిన్న ప్రభుత్వ వైద్యకేంద్రాలకు ‘బస్తీ దవాఖాన’ అన్న పేరు పెట్టడంతో ఆ పాత మాటకు కొత్త బలం వచ్చింది.

రెడ్‌హిల్స్‌లో 1953లో వెలసిన నీలోఫర్ ఆసుపత్రి పేరు మరో విధంగా భాషలో చేరింది. ఏడవ నిజాం రెండవ కుమారుడు మొఅజ్జం జా భార్య నీలోఫర్, తన పరిచారిక ప్రసవంలో మరణించడంతో కలత చెంది తల్లీబిడ్డల ఆసుపత్రి కోసం పూనుకున్న సంగతి ప్రసిద్ధం. తెలంగాణ జిల్లాల్లో ‘నీలోఫర్‌కు రాసిండ్రు’ అన్న వాక్యానికి స్థానిక వైద్యుడు చేతులెత్తేశాడన్నది అర్థం. జబ్బు తీవ్రతను ఒక ఆసుపత్రి పేరుతో కొలవడం ఇది. ప్రమాదస్థాయికి విడిగా విశేషణం అవసరం లేకపోయింది. ఆ ఆసుపత్రి పొరుగున పుట్టి అదే పేరు పెట్టుకున్న కేఫ్ ఇప్పుడు హైటెక్ సిటీలోనూ శాఖ నడుపుతోంది. అక్కడి యువతరానికి నీలోఫర్ అంటే చాయ్, బిస్కట్లు. ఒకే పేరు నగరానికి ఆ కొసన భయం, ఈ కొసన తీరిక.

సైబరాబాద్: ఒక వీధి, అనేక తెలుగులు

1998 నవంబరు 22న ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. 2003లో సైబరాబాద్ పోలీసు కమిషనరేట్ ఏర్పడటంతో ఆ పేరు పరిపాలనా వ్యవహారంలో నిలిచింది. మాదాపూర్, ఖానామెట్, కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రాంగూడల్లో అంతకుముందున్న ఊళ్ళ జనం, మేడలు కట్టడానికి వచ్చిన పాలమూరు, శ్రీకాకుళం, విజయనగరం కూలీలు, ఆ మేడల్లో పనిచేయడానికి వచ్చిన గుంటూరు, గోదావరి, కడప ఉద్యోగులు పక్కపక్కనే చేరారు. తెలుగు మాండలికాలు ఇంత దగ్గరగా ఒరుసుకున్న చోటు చరిత్రలో మరొకటి ఉందో లేదో గాని, పిల్లల వైద్యుని గది ముందు వరుసలో ఆ ఒరిపిడి ప్రాణంతో ముడిపడి ఉంటుంది.

ఒక ఉదాహరణ చాలు. తెలంగాణలో ‘కక్కుడు’ అంటే వాంతి. కోస్తాలో చంటిబిడ్డ ‘పాలు కక్కడం’ అంటే తాగినదాంట్లో కొంత పెదవి చివర కార్చడం, అది దాదాపు ప్రతి బిడ్డా చేసేదే. పాలమూరు తల్లి “పొద్దుగాల నుంచి కక్కుతుండు” అన్నప్పుడు, కోస్తా నుంచి వచ్చిన నర్సుకో ఆయాకో అది మామూలు సంగతిగా వినబడే ప్రమాదం ఉంది. ‘డోకు’ కూడా అంతే. కొన్నిచోట్ల అది వాంతి, కొన్నిచోట్ల వాంతి రాని వికారం మాత్రమే. జలుబుకు సర్ది, రొంప, పడిశం అన్న పేర్లున్నా అర్థభేదం పెద్దగా లేదు కాబట్టి నష్టం లేదు. వాంతి దగ్గర నష్టం ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 1990ల మధ్యలో రూపొందించిన శిశురోగ సమగ్ర నిర్వహణ పద్ధతిలో ‘ఏది పెట్టినా వాంతి చేసుకోవడం’ నాలుగు సాధారణ ప్రమాద చిహ్నాల్లో ఒకటి.

ఆ నాలుగింటిని ఇక్కడ చెప్పుకోవాలి. తాగలేకపోవడం లేదా రొమ్ము పట్టలేకపోవడం, తీసుకున్నదంతా వాంతి కావడం, ఫిట్స్, మగతగా లేదా స్పృహ లేకుండా ఉండటం. రెండు నెలల నుంచి అయిదేళ్ళ లోపు బిడ్డలో వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆలస్యం లేకుండా ఆసుపత్రికి చేర్చాలన్నది నియమం. భారతదేశం 2003లో ఈ పద్ధతిని నవజాత శిశువులకు కూడా విస్తరించి తనదిగా మలచుకుంది. ఇక శ్వాస విషయంలో రెండు నెలల లోపు బిడ్డకు నిమిషానికి 60, ఏడాది లోపు 50, అయిదేళ్ళ లోపు 40, ఆపైన ఉంటే వేగమైన శ్వాసగా లెక్క. ఊపిరి తీసుకున్నప్పుడు రొమ్ము కింది భాగం లోపలికి గుంజుకుపోవడం అంతకన్నా తీవ్రం.

ఈ జాబితాను తెలుగు సాహిత్య విద్యార్థి దృష్టితో చదివితే రెండు సంగతులు కనిపిస్తాయి. మొదటిది, ఆ నాలుగు చిహ్నాల్లో జ్వరం లేదు. రెండవది, ఇవన్నీ కంటితో చూసి నోటితో చెప్పగలిగినవి, వీటికి తెలుగులో ఎప్పటినుంచో మాటలున్నాయి. పక్కలెగరేయడం, డొక్కలెగరేయడం అన్నవి రొమ్ము గుంజుకుపోవడాన్ని పట్టిచ్చే మాటలు. కళ్ళు తేలేయడం, నాలుక పిడచకట్టడం, నడినెత్తి గుంటపడటం, తోటకూర కాడలా వాలిపోవడం ఏ శిక్షణా లేని అవ్వల పరిశీలన నుంచి వచ్చినవి. వేదనాధ్యాయపు పద్ధతి వీటిలో కొనసాగింది.

అనువాదంలో మాత్రం వీటిని వదిలేశారు. ప్రచారపత్రాలలో, ఆరోగ్య కాలమ్‌లలో తరచు కనిపించే తెలుగును గమనిస్తే ‘లెథార్జిక్’ అన్న ఆంగ్లపదానికి ‘నీరసం’ అని రాయడం రివాజు. తెలుగులో నీరసం ఎవరికి లేదు? ఆఫీసు నుంచి వచ్చిన తండ్రికీ నీరసమే, ఒక పూట తినని పిల్లకూ నీరసమే. వైద్యశాస్త్రం చెప్పదలచుకున్నది, మెలకువగా ఉండవలసిన వేళ బిడ్డ మగతగా ఉండటం, చుట్టూ జరిగేది పట్టకపోవడం, శూన్యంలోకి చూడటం. ‘మగత’, ‘పిలిస్తే పలకడం లేదు’ అన్నవే దానికి సరైన తెలుగు. ‘డీహైడ్రేషన్’కు ‘నిర్జలీకరణం’ రాస్తే పారిభాషిక పదకోశానికి తృప్తి కలుగుతుందేమో గాని, కళ్ళు లోతుకు పోయి, గిల్లి వదిలిన చర్మం మడత మెల్లగా సర్దుకుంటున్న బిడ్డ దాంట్లో కనబడదు. నా దృష్టిలో ఇది శైలీదోషం కాదు, అనువాదదోషం. మూలంలో ఉన్న హెచ్చరిక లక్ష్యభాషలో చేరలేదు.

అంకె ఏలుబడి

ఐటీ కుటుంబాల్లో జరిగింది మరో రకమైన మార్పు. చిన్న సంసారం, ఇద్దరూ ఉద్యోగస్తులు, అమ్మమ్మ వీడియో కాల్‌లో. బిడ్డను రోజంతా చూసేది ఆయానో, క్రెష్‌లోని ఉద్యోగో. 2017 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్ట సవరణ వేతన సెలవును 26 వారాలకు పెంచి, 50 మంది, ఆపైన ఉద్యోగులున్న సంస్థల్లో క్రెష్‌ను తప్పనిసరి చేసింది. ఆ మేడలను కట్టే కార్మికుల కోసం 1996 నాటి చట్టంలోనే, 50 మందికి మించి స్త్రీలు పనిచేసే చోట పిల్లల గది ఉండాలన్న నిబంధన ఉండేది. 2025 దాకా రెండు చట్టాలూ ఒకే వీధికి వర్తించేవి. రెండింటిలోనూ బిడ్డను చూసే కన్ను ఒకరిది, నిర్ణయించే నోరు మరొకరిది. ఆ రెంటినీ కలిపేది ఫోన్‌లో చెప్పే ఒక వాక్యం. ఫోన్‌లో సులభంగా ఇమిడేది అంకె. “101 ఉంది” అన్న మాటకు మాండలికం లేదు, సందిగ్ధత లేదు. అందుకే అది నెగ్గింది.

అంకెకూ విలువ ఉంది. రెండు నెలల లోపు బిడ్డకు 37.5 డిగ్రీల సెల్సియస్, ఆపైన ఉన్నా, 35.5 కన్నా తగ్గినా తీవ్రమైన ఇన్‌ఫెక్షన్‌ను అనుమానించాలి. అక్కడ చేతిస్పర్శ చాలదు. కానీ అంకె తగ్గడాన్ని స్వస్థతగా చదివితే ఏమవుతుందో డెంగీ చూపుతుంది. వానాకాలం వెళ్ళేసరికి ప్రతి ఏటా నగరాన్ని పట్టే ఈ జ్వరంలో ప్రమాదదశ తరచుగా జ్వరం దిగే సమయంలోనే, సుమారు మూడవ రోజుకూ ఏడవ రోజుకూ మధ్య మొదలవుతుంది. అప్పుడు కనిపించే విడవని వాంతులు, కడుపునొప్పి, చిగుళ్ళ నుంచి రక్తం, మగత, చల్లబడిన కాళ్ళూచేతులు థర్మామీటరుకు దొరకవు. తెలుగులో ‘ఒళ్ళు చల్లబడింది’ అన్న వాక్యానికి ఊరట, ఆందోళన అనే రెండర్థాలూ ఉన్నాయి. పెద్దలు అది పలికిన తీరులోనే ఏ అర్థమో తెలిసేది. ‘98.4’లో ఆ తేడా లేదు. ఆ తరువాత ప్లేట్‌లెట్ల లెక్క వచ్చి ఉష్ణోగ్రత స్థానాన్ని ఆక్రమించింది. బిడ్డ మూత్రం పోసిందా అని అడిగే బంధువు కన్నా కౌంట్ ఎంత అని అడిగే బంధువులే ఎక్కువయ్యారు.

ఈ నిర్ణయాన్ని యంత్రబద్ధం చేసే తొలి పెద్ద ప్రయత్నం కూడా ఇదే నగరంలో జరిగింది. 2005 ఆగస్టు 15న 108 అంబులెన్స్ సేవ ప్రారంభమైంది. 2007లో 104 సమాచార సేవ వచ్చింది. రెంటి వెనుకా సత్యం సంస్థ వ్యవస్థాపకుడు రామలింగరాజు ఉన్నారు. 2009 జనవరిలో ఆ సంస్థ పతనం తరువాత ఇవి ఇతరుల చేతుల్లోకి వెళ్ళాయి. 104కు ఫోన్ చేసినవారిని ముందే రాసి పెట్టుకున్న ప్రశ్నావళి ద్వారా నడిపించి, ఇంట్లోనే చూసుకోవచ్చా, వైద్యుణ్ణి కలవాలా, వెంటనే బయల్దేరాలా అన్నది తేల్చడం దాని పద్ధతి. సాఫ్ట్‌వేర్ తర్కం తెలుగు తల్లి నోటిమాటను కలుసుకున్న చోటు ఇది. తెలుగు కథనంలో తల్లి తన తోవలో చెబుతుంది. నిన్న పక్కింటి పెళ్ళికి వెళ్ళొచ్చాం, అక్కడ ఐస్‌క్రీమ్ తిన్నాడు, రాత్రి ఉలిక్కిపడ్డాడు. ప్రశ్నావళికి కావలసింది అవును, కాదు. యక్షప్రశ్నల వంటి ఈ సంవాదం కొత్త వచనప్రక్రియ. దాని లిఖితరూపాలు భాషాపరిశోధకుల చేతికి రాకపోవడం మన శాఖలకు లోటు.

ఒక మాట కోసం పోరు

మాట ఎంత పని చేస్తుందన్నదానికి హైదరాబాద్‌లోనే ఇటీవలి సాక్ష్యముంది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థి శిబిరాల్లో దిలీప్ మహలనబిస్ నిరూపించిన ఓఆర్‌ఎస్ ద్రావణం నాలుగు దశాబ్దాల ప్రచారంతో తెలుగు ఇళ్ళలోకి ఇంటి మాటగా వచ్చింది. ఇప్పటి ప్రమాణం ప్రకారం లీటరులో 13.5 గ్రాముల గ్లూకోజ్, 2.6 గ్రాముల ఉప్పు ఉండాలి. ఈ పేరును తోకతో కలిపి పెట్టుకున్న తీపి పానీయాలు మందుల దుకాణాల్లో చేరాయి. చక్కెర మోతాదు మించిన పానీయం విరేచనాలను తగ్గించకపోగా పెంచగలదు. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి దీనిపై పోరాడి హైకోర్టు దాకా వెళ్ళారు. చివరకు 2025 అక్టోబరు 14న ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ, ఆ ప్రమాణానికి చెందని పానీయాల పేర్లలో ‘ఓఆర్‌ఎస్’ అన్న మాట వాడరాదని ఆదేశించి, 2022, 2024 సంవత్సరాల్లో ఇచ్చిన సడలింపులను ఉపసంహరించింది. నిషేధం పానీయం మీద కాదు, పేరు మీద. “ఓఆర్‌ఎస్ పట్టిస్తున్నాం” అని ఫోన్‌లో చెప్పిన ఇంట, నిజానికి బిడ్డ తాగుతున్నదేమిటో వైద్యుడికి తెలియని స్థితి ఉండేది. చికిత్స జరుగుతోందన్న నమ్మకంతో ప్రయాణం వాయిదా పడేది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో పుట్టిన ప్రతి వెయ్యిమందిలో సుమారు 29 మంది అయిదేళ్ళు నిండకముందే మరణిస్తున్నారు. వీటిలో భాష వల్ల జరిగినవెన్ని అని విడదీయడం కుదరదు, ఆ ప్రయత్నమూ ఇక్కడ చేయడం లేదు. భాషాశాఖలు చేయగలిగిన పని మాత్రం ఒకటుంది. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వ్యవసాయ సంపుటంతో మొదలైన మాండలిక వృత్తి పదకోశాలు చేనేతకు, వాస్తుకు చోటిచ్చాయి. బిడ్డను పెంచడం వృత్తిగా లెక్కకు రాలేదు. నాగలి భాగాలకు జిల్లాల వారీగా పేర్లు సేకరించిన ఆ పద్ధతితోనే జబ్బు బిడ్డ చిహ్నాల పేర్లను ఖానామెట్ కూలీల అడ్డాలోనూ, కొండాపూర్ ఏరియా ఆసుపత్రి వరండాలోనూ సేకరించవచ్చు. అన్ని జిల్లాలూ అక్కడికే వచ్చి ఉన్నాయి. ఆ కోశంలో ఒక ఆరోపం ఈ తీరున ఉండాలని నా ప్రతిపాదన:

పక్కలెగరేయు (క్రియ): ఊపిరి తీసుకొన్నప్పుడు బిడ్డ పక్కటెముకల కింది భాగం లోపలికి గుంజుకుపోవు. రూపాంతరం: డొక్కలెగరేయు. సన్నిహితం, తేడా గలది: ఆయాసపడు (ఆటలో అలసినవారికీ చెల్లును), దమ్ము వచ్చు (పెద్దల ఉబ్బసానికీ చెల్లును). వైద్య సంకేతం: న్యుమోనియా అనుమానం, ఆలస్యం లేకుండా ఆసుపత్రి.